మైకేల్ చెహోవ్: మాతృభాషను వదిలి వచ్చిన నటుడు, నటనా గురువు

తెరవెనుక:
హిచ్‌కాక్ 1945లో తీసిన ‘స్పెల్‌బౌండ్’ చిత్రాన్ని చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చూశాను. కథానాయకుడు గ్రెగరీ పెక్ అర్ధరాత్రి చేతిలో మంగలికత్తితో మెట్లు దిగి వస్తాడు. కింద బల్ల దగ్గర కూర్చున్న ముసలి డాక్టరు బ్రూలోవ్, ముసలివాళ్లకు నిద్ర పట్టదంటూ ఏవో కబుర్లు మొదలుపెట్టి, పాలూ బిస్కట్లూ తెస్తానని తీరిగ్గా లేచి వెళతాడు. ఎదుటివాడి చేతిలోని కత్తిని ఆయన గమనించాడో లేదో మనకు తెలియదు. పాలలో మత్తుమందు కలిపాడన్న సంగతి తెల్లవారిన తర్వాత గాని బయటపడదు. ఆ సన్నివేశంలో భయమంతా ప్రేక్షకుడిదే, ఆ ముసలాయనకు మాత్రం భయమన్నది ఉన్నట్టే కనిపించదు.

ఆ పాత్ర వేసినవాడు మైకేల్ చెహోవ్. 1924లో మాస్కో రంగస్థలం మీద హామ్లెట్‌గా నిలిచి, ఒక ప్రసిద్ధ నాటకశాలకు అధిపతిగా ఉన్న మనిషి హాలీవుడ్‌లో యాస ఉన్న డాక్టర్లు, ప్రొఫెసర్లు, ముసలి తండ్రుల వేషాలకే పరిమితమయ్యాడు. ఒక మహానటుడి చివరి పన్నెండేళ్లు ఇలా వృథా కావడం నాకు బాధగా అనిపించింది. ఆయన జీవితం గురించి తెలిసినవారు వివరంగా రాయగలరా?

పాతరీలు:
తెరవెనుక గారూ, మీరు చెప్పిన వేషానికి ఆయనకు ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆ సంవత్సరం బహుమతి జేమ్స్ డన్‌కు దక్కింది. దాన్ని పూర్తిగా వృథా అనడం కొంచెం ఎక్కువేమో.

ఇక జీవితం సంగతి. పుట్టింది 1891లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. 1912లో మాస్కో ఆర్ట్ థియేటర్‌లో చేరి, దాని అనుబంధమైన ఫస్ట్ స్టూడియోలో ప్రసిద్ధ దర్శకుడు, నటనా గురువు స్టానిస్లావ్‌స్కీ, ఆయన సహాయకుడు సులెర్జీత్‌స్కీల దగ్గర శిక్షణ పొందాడు. వఖ్తాంగొవ్ అక్కడ ఆయనకు సహచరుడు, స్నేహితుడు, తర్వాత దర్శకుడు కూడా. 1921 ఒక్క సంవత్సరంలోనే ఆయన రెండు పాత్రలతో మాస్కోను ఆశ్చర్యపరిచాడు. వఖ్తాంగొవ్ దర్శకత్వంలో స్ట్రిండ్‌బెర్గ్ నాటకంలో మతి చలించిన రాజు పధ్నాలుగో ఎరిక్ ఒకటి, స్టానిస్లావ్‌స్కీ దర్శకత్వంలో గోగోల్ నాటకంలోని గాలికబుర్ల ఖ్లెస్తకోవ్ రెండోది. పొట్టి మనిషి, గొంతు కూడా గొప్పది కాదు. కథానాయకుడికి కావలసిన రూపం లేని మనిషికి ఆ రాజు వేషం, ఆ తర్వాత హామ్లెట్ వేషం ఎలా దక్కాయన్న దానిలోనే ఆయన ప్రత్యేకత ఉందని నా ఉద్దేశం. 1922లో వఖ్తాంగొవ్ మరణించాక ఆ స్టూడియో బాధ్యత ఈయన చేతికి వచ్చింది, 1924లో దానికి రెండవ మాస్కో ఆర్ట్ థియేటర్ అన్న పేరు వచ్చింది. 1928లో దేశం విడిచాడు, మళ్లీ తిరిగి వెళ్లలేదు.

కొత్తపాఠకుడు:
క్షమించండి, ఈయన కథల రచయిత ఆంటన్ చెహోవ్ గారి కుమారుడేనా? మా ఇంట్లో మాస్కో వాళ్లు తెలుగులో అచ్చువేసి పంపిన పాత పుస్తకాలు ఉండేవి, ఆ పేరు నాకు అలాగే తెలుసు. మరొక చోట ఆయన భార్య పేరు ఓల్గా అని చదివాను, ఈయన భార్య పేరు కూడా ఓల్గా అనే కనిపిస్తోంది.

పాతరీలు:
ఆంటన్‌కు పిల్లలు లేరు. మైకేల్, ఆంటన్ పెద్దన్న అలెగ్జాండర్ కొడుకు. అంటే ఆంటన్ ఈయనకు బాబాయి. ఇక ఓల్గాలు ఇద్దరు. ఆంటన్ భార్య, మాస్కో ఆర్ట్ థియేటర్ నటి ఓల్గా క్నిప్పర్ మొదటి ఆమె. ఆమె అన్నదమ్ముడి కూతురు, అంటే మేనకోడలు, రెండో ఓల్గా. మన లెక్కలో చెప్పాలంటే ఈయన పిన్ని గారి మేనకోడలిని పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లి ఎక్కువకాలం నిలవలేదు. ఆమె జర్మనీ వెళ్లి ఓల్గా చెహోవా పేరుతో అక్కడ పెద్ద సినిమా తార అయింది. ఆయన తర్వాత క్సేనియాను పెళ్లి చేసుకున్నాడు, ఆమె చివరిదాకా వెంట ఉంది.

పరిషత్తు నటుడు:
నేను ముప్ఫై ఏళ్లుగా పరిషత్తు నాటకాలలో వేషాలు వేస్తున్నాను. చెహోవ్ గురించి నాకు తెలిసింది ఒక పుస్తకం ద్వారా, ఆ పుస్తకం నా దగ్గరకు వచ్చింది ఒక బాధాకరమైన అనుభవం తర్వాత. ఒకసారి మా నాటకంలో కొడుకు శవం ముందు తండ్రి ఏడ్చే సన్నివేశం ఉంది. దర్శకుడి పేరు ఇక్కడ అనవసరం. ఆయన నన్ను పక్కకు పిలిచి, ‘మీ అమ్మగారు పోయిన రోజు గుర్తు చేసుకోండి, అదే వస్తుంది’ అన్నారు. నిజంగానే వచ్చింది. మొదటి ప్రదర్శనలో ప్రేక్షకులు కళ్లు తుడుచుకున్నారు. నాలుగో ప్రదర్శన నాటికి అమ్మ ముఖం తలుచుకున్నా నాకు ఏమీ కలగలేదు. బహుమతి వచ్చింది గాని, అమ్మ జ్ఞాపకాన్ని ఎక్కడో ఖర్చుపెట్టేసుకున్నానన్న అపరాధభావం చాలాకాలం వెంటాడింది.

చెహోవ్‌కూ స్టానిస్లావ్‌స్కీకీ మధ్య అసలు తగవు సరిగ్గా ఇక్కడే వచ్చింది. నాటకరంగంలో తరచూ చెప్పుకునే కథ ఒకటి ఉంది. స్టూడియోలో సొంత జ్ఞాపకం నుంచి ఒక అనుభవాన్ని నటించి చూపమంటే, చెహోవ్ తన తండ్రి అంత్యక్రియలను నటించాడట. స్టానిస్లావ్‌స్కీ చలించిపోయి కౌగిలించుకున్నాడట. తీరా విచారిస్తే తండ్రి ఇంకా బతికే ఉన్నాడు. ఊహ మరీ వేడెక్కిందని కుర్రవాడిని ఆ తరగతి నుంచి పంపించేశారని చెబుతారు. అక్షరాలా అలాగే జరిగిందో లేదో గాని, గురువు ‘జ్ఞాపకం’ అన్నచోట శిష్యుడు ‘ఊహ’ అన్నాడన్నది నిజం. ఇద్దరూ 1928లో బెర్లిన్‌లో కలుసుకున్నప్పుడు కూడా ఇదే విషయం మీద వాదించుకున్నారు. సొంత అనుభవాన్ని పచ్చిగా వాడుకుంటే నటుడు ప్రతి పాత్రలోనూ తన చిన్న బతుకునే తిప్పి తిప్పి చూపిస్తాడన్నది చెహోవ్ వాదన. నాకది పుస్తకం ద్వారా కాక, నాలుగో ప్రదర్శన నాడు వేదిక మీదే తెలిసింది.

సందేహాలరావు:
గౌరవంతోనే విభేదిస్తున్నాను. చెహోవ్ పద్ధతిలో ఆచరణకు అందని మాటలు చాలా ఉన్నాయి. నటుడు తన శరీరం నుంచి ‘ప్రసరణ’ చేయాలంటాడు, గదికి ‘వాతావరణం’ ఉంటుందంటాడు, అహానికి పైన మరో ‘ఉన్నత అహం’ ఉందంటాడు. ఇవన్నీ రుడాల్ఫ్ స్టైనర్ ఆధ్యాత్మిక బోధనల నుంచి తెచ్చుకున్నవే. సోవియట్ అధికారులు ఆయనను మార్మికుడని తప్పుపట్టడంలో రాజకీయం ఉన్నమాట నిజమే గాని, ఆ ముద్రకు ఆధారం బొత్తిగా లేదని మాత్రం అనలేము. మన ఊరి కుర్రవాడికి వారం రోజుల్లో వేషం సిద్ధం చేయాల్సినప్పుడు ‘ప్రసరించు నాయనా’ అంటే వాడేం చేస్తాడు?

పరిషత్తు నటుడు:
రావు గారూ, ఆ మాటలు విన్నప్పుడు నాకూ నవ్వొచ్చింది. చెయ్యమని చెప్పింది చేసి చూశాక నవ్వు ఆగింది. ఆయన ఇచ్చే మొదటి అభ్యాసాలలో ఒకటి ఇది: చెయ్యి పైకి ఎత్తండి, దించండి. ఇందులో ఏ భావమూ లేదు. అదే చేతిని ఇప్పుడు ‘జాగ్రత్తగా’ ఎత్తండి. నాలుగైదుసార్లు అలా చేసేసరికి, మీరు పిలవకుండానే ఒళ్లంతా ఒక జాగ్రత్త, ఆ వెనుకే ఒక చిన్న అనుమానం వచ్చి చేరతాయి. భావాన్ని మెడ పట్టుకుని లాక్కురావద్దు, కదలికకు ఒక గుణం ఇస్తే భావం దానంతట అదే వచ్చి కూర్చుంటుందంటాడు ఆయన. దీనికి స్టైనర్‌ను నమ్మవలసిన పని లేదు.

రెండోది ఊహాకేంద్రం. పాత్ర శరీరంలో ఎక్కడో ఒకచోట దాని కేంద్రం ఉందని ఊహించుకుని నడవడం. కేంద్రాన్ని ముక్కు కొస మీద పెడితే మనిషి అందరి సంగతులూ ఆరా తీసేవాడు అవుతాడు. ఒక కంట్లో పెడితే జిత్తులమారి అవుతాడు. బరువుగా, మందంగా ఉన్న కేంద్రాన్ని వెనకవైపు, పిరుదుల దగ్గర, శరీరానికి బయట వేలాడదీస్తే పిరికితనం, కాస్త నిజాయితీ లేమి, దానితోపాటు హాస్యం పుట్టుకొస్తాయని ఆయనే రాశాడు. మొన్న ఒక గ్రామ కరణం పాత్ర వేసే కుర్రవాడికి కేంద్రం ముక్కు కొస మీద పెట్టుకుని గది ఈ మూల నుంచి ఆ మూలకు నడవమన్నాను. మెడ ముందుకు సాగింది, చేతులు వెనక్కి పోయాయి, కాళ్లు చప్పుడు చేయడం మానేశాయి. పొరుగింటి గోడ మీదుగా తొంగిచూసే కరణం గదిలోకి వచ్చాడు. నేను ఒక్క సంభాషణ కూడా చెప్పించలేదు. పట్టింది పది నిమిషాలు, మీరన్న వారం కూడా కాలేదు.

అలంకారశాస్త్రి:
మన నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం (శరీరం), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్వికం (లోపలి భావం) అని నాలుగుగా చెప్పింది. చెహోవ్ జీవితాన్ని ఆ నాలుగింటితో చూస్తే నాకు ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. దేశం విడిచిన రోజున ఆయన చేతిలోంచి వాచికం జారిపోయింది. మిగిలిన వాటితోనే బతకవలసి వచ్చింది. ప్రవాసంలో ఆయన వేషాల వరుస గమనించండి. బెర్లిన్, వియన్నాలలో ప్రసిద్ధ దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ కింద జర్మన్‌లో, అదీ కష్టపడి నేర్చుకున్న జర్మన్‌లో నటించాడు. 1929లో మాజీ భార్య ఓల్గా దర్శకత్వం వహించిన ఒక మూకీ చిత్రంలో నటించాడు, అక్కడ భాషతో పనే లేదు. లాట్వియాలో రీగా నాటకశాలలో ఆయన రష్యన్‌లో మాట్లాడుతుంటే చుట్టూ ఉన్నవారు లాట్వియన్‌లో జవాబిచ్చేవారు. పక్కవాడి మాట అర్థంతో కాక, లయతో, ఊపిరితో అందుకోవలసిన స్థితి అది. నటన గురించి ఆయన చెప్పినదంతా ఈ అవసరం నుంచే పదును తేలిందని నాకు అనిపిస్తుంది.

తెరవెనుక:
శాస్త్రి గారూ, మీ వాదన అందంగా ఉంది. కాని ఖ్లెస్తకోవ్, ఎరిక్, హామ్లెట్ పాత్రలు దేశం విడవక ముందువే కదా. శరీరం మీద ఆ పట్టు అప్పటికే ఉంది. కష్టం వల్లే కళ పదునెక్కిందని చెప్పుకోవడం మనకు ఊరటనిస్తుంది గాని, ఆ కష్టం లేకుంటే ఇంకెన్ని పాత్రలు దొరికేవో లెక్కలోకి రాదు. ఆయనను తరిమినవారికి మనం తెలియకుండానే వత్తాసు పలుకుతున్నామేమో.

అలంకారశాస్త్రి:
వత్తాసు పలకడం నా ఉద్దేశం కాదు, ఆ హెచ్చరికను అంగీకరిస్తున్నాను. అయితే ఆయన స్వయంగా రాసుకున్న ఒక ఘట్టం చెబుతాను. రైన్‌హార్ట్ దర్శకత్వంలో స్కిడ్ అనే విదూషకుడి పాత్ర ఇచ్చారు. పాత్ర ఆయనకు నచ్చలేదు, భాష నోరు తిరగలేదు, ప్రదర్శన నాటికి బాగా అలసిపోయి ఉన్నాడు. రంగస్థలం మీద తన సంభాషణ చెబుతూ ఉండగా ఉన్నట్టుండి స్కిడ్ తనకు బయట, ఎదురుగా కనిపించడం మొదలుపెట్టాడట. ఎలా కూర్చోవాలో, ఏ గొంతుతో మాట్లాడాలో ఆ పాత్రే చెబుతున్నట్టు, తాను ప్రేక్షకులలోనూ, తోటి నటులలోనూ కూడా ఉన్నట్టు అనిపించిందట. రావు గారు ఆక్షేపించిన ‘ఉన్నత అహం’ ఆయనకు ఇలా అనుభవంలోకి వచ్చింది. పాత్ర ఏడుస్తుంటే దాన్ని చూసి జాలిపడే నటుడు వేరుగా నిలబడి ఉంటాడన్న మాట. మాస్కోలో ప్రశంసల మధ్య వచ్చినది కాదు ఇది. పరాయి భాషలో, అవమానానికి దగ్గరగా ఉన్న స్థితిలో వచ్చింది.

సందేహాలరావు:
ఈ ఘట్టం నాకు తెలియదు. అలసటలో ఎవరికైనా ఇలాంటి భ్రమ కలగవచ్చునని అనుకుంటున్నాను, అయినా నటుడికి అది పనికొచ్చిందంటే నేను కాదనను. చెయ్యి ఎత్తే అభ్యాసం మాత్రం ఇంట్లో చేసి చూశాను. మా ఆవిడ ‘భుజం పట్టేసిందా’ అని అడిగారు.

బోల్‌పూర్ విద్యార్థి:
నేను శాంతినికేతన్‌లో చదువుకున్నాను. ఈ కథలో మనదేశం ఒక మూల నుంచి తొంగిచూస్తుంది కాబట్టి రాస్తున్నాను. చెహోవ్ 1936లో ఇంగ్లండ్‌లోని డార్టింగ్టన్ హాల్‌లో తన నాటక స్టూడియో ప్రారంభించాడు. ఆ ఎస్టేట్ నడిపినవారు లెనార్డ్, డొరతీ ఎల్మ్‌హర్స్ట్ దంపతులు. ఈ లెనార్డ్ రవీంద్రనాథ్ ఠాకూర్ పిలుపు మీద శాంతినికేతన్ దగ్గరి సురుల్ గ్రామానికి వచ్చి, 1922లో శ్రీనికేతన్ గ్రామ పునర్నిర్మాణ కేంద్రం మొదలుపెట్టడానికి తోడ్పడ్డాడు. డార్టింగ్టన్‌లో చదువు, కళ, వ్యవసాయం ఒకచోట ఉండాలన్న ఆలోచనకు ఆ అనుభవం ఒక ప్రేరణ. ఉదయశంకర్ అల్మోరాలో పెట్టిన నాట్యకేంద్రానికి కూడా ఈ కుటుంబం అండగా నిలిచింది.

డొరతీ కుమార్తె బియాట్రిస్ స్ట్రెయిట్ చెహోవ్ దగ్గర నేర్చుకుంది. ఆయనను డార్టింగ్టన్‌కు రప్పించడంలో ఆమె పాత్ర పెద్దది. 1976 నాటి ‘నెట్‌వర్క్’ చిత్రంలో ఆమె తెర మీద కనిపించేది ఐదు నిమిషాల పైచిలుకు మాత్రమే. భర్త తనకు మరో స్త్రీతో సంబంధం ఉందని చెప్పినప్పుడు ఆ భార్య పడే కోపం, దుఃఖం, ఆత్మాభిమానం అన్నీ ఆ కాసేపట్లోనే చూపి, ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ తీసుకుంది. చిన్న వేషం గురించి ఇక్కడ బాధపడుతున్నారు కాబట్టి గుర్తుచేశాను.

పాతరీలు:
మంచి సంగతి చెప్పారు. ఆ తర్వాతి భాగం నేను పూరిస్తాను. ఐరోపాలో యుద్ధ భయం వల్ల స్టూడియో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రానికి, రిడ్జ్‌ఫీల్డ్‌కు మారింది. 1939లో దోస్తొయెవ్‌స్కీ రచనల ఆధారంగా బ్రాడ్‌వేలో వేసిన నాటకం పద్నాలుగు ప్రదర్శనలతో మూతపడింది. తర్వాత బృందం షేక్‌స్పియర్ నాటకాలతో ఊరూరా తిరిగింది. యూల్ బ్రిన్నర్ అప్పట్లో అందులో కుర్ర నటుడు. మగ నటులను సైన్యం పిలిపించుకోవడంతో 1942లో స్టూడియో మూసేశారు. మరుసటి ఏడాది చెహోవ్ హాలీవుడ్ చేరాడు. నటన మీద ఆయన పుస్తకం 1953లో ఇంగ్లీషులో వచ్చింది, దానికి ముందుమాట రాసింది అదే బ్రిన్నర్.

కొత్తపాఠకుడు:
మార్లిన్ మన్రో ఈయన శిష్యురాలని విన్నాను. అంటే ఈయన న్యూయార్క్ యాక్టర్స్ స్టూడియోలో పాఠాలు చెప్పారా?

పాతరీలు:
లేదు, అది లీ స్ట్రాస్‌బెర్గ్ చోటు. మన్రో అక్కడికి వెళ్లింది 1955లో. అంతకు ముందు, 1951 ప్రాంతంలో, నటుడు జాక్ పాలెన్స్ సలహా మీద చెహోవ్ దగ్గరకు వెళ్లింది. షేక్‌స్పియర్ నాటకంలోని లియర్ రాజుగా ఆయన, ఆ రాజు కూతురు కార్డీలియాగా ఆమె ఒక గదిలో అభ్యాసం చేసిన సంగతి ఆమె జ్ఞాపకాలలో ఉంది. సినిమా స్టూడియోలు ఆమెకు అమాయకపు అందగత్తె వేషాలు తప్ప ఇవ్వని రోజులవి. స్ట్రాస్‌బెర్గ్ జ్ఞాపకాన్ని తవ్వమనేవాడు, చెహోవ్ ఊహించమనేవాడు. ఆమె ఇద్దరి దగ్గరా చేరింది. ఈ రెండు పద్ధతుల తేడా పరిషత్తు నటుడు గారు పైన రాసిన నాలుగో ప్రదర్శనలో పూర్తిగా ఉంది.

చెహోవ్ 1955 సెప్టెంబర్ 30న బెవర్లీ హిల్స్‌లో మరణించాడు. 1934లో రీగాలో ఒక ఒపెరా సిద్ధం చేస్తుండగా మొదటిసారి గుండెపోటు వచ్చింది, ఆ గుండెతోనే మరో ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చాడు. మన్రో 1962లో పోయినప్పుడు ఆమె వీలునామాలో తన తల్లికి ఏటా డబ్బు అందేలా ఏర్పాటు చేసింది. ఆ పక్కనే గురువు భార్య క్సేనియాకు కూడా ఏటా 2,500 డాలర్లు అందాలని రాసి ఉంది.

అలంకారశాస్త్రి:
ఇది చదివి కాసేపు ఆగవలసి వచ్చింది. మన దగ్గర పాఠం చెబుతూ చిన్న వేషాలు వేసినవారిలో దేవదాస్ కనకాల గారు గుర్తొస్తారు. యానాం ప్రాంతం నుంచి వచ్చి, పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుని, మద్రాసులోనూ హైదరాబాదులోనూ తరాల నటులకు అక్షరాభ్యాసం చేశారు. 2019లో పోయారు. తండ్రిగా, పెద్దమనిషిగా ఆయన వేసిన వేషాలు చాలామంది చూసి ఉంటారు గాని, పేరు అడిగితే ‘ఫలానా హీరో గారి గురువు’ అనే చెబుతారు. ఈ పోలిక ఇంతవరకే, ఆయనకు దేశమూ భాషా దూరం కాలేదు.

తెరవెనుక:
అందరికీ ధన్యవాదాలు. వృథా అన్న నా మాటను పూర్తిగా వెనక్కి తీసుకోలేను. ఆయనకు ఆ గడ్డ మీద, ఆ భాషలో దక్కవలసిన పాత్రల లెక్క నా మనసులో అలాగే ఉంది. కాని నిన్న రాత్రి పాలగ్లాసు సన్నివేశాన్ని శబ్దం పూర్తిగా తీసేసి మళ్లీ చూశాను. పరిషత్తు నటుడు గారి మాట పట్టుకుని బ్రూలోవ్ కేంద్రం ఎక్కడ ఉందా అని వెతికాను. ముక్కు మీద లేదు, కంట్లో లేదు. నాకు అది ఆ ముసలాయన పొట్టలో, వెచ్చగా, ఏ తొందరా లేకుండా కూర్చున్నట్టు అనిపించింది. అందుకే కత్తి ఎదురుగా ఉన్నా ఆయన పాలకోసం అంత మామూలుగా లేచి వెళ్లగలిగాడు. నేను పొరబడ్డానేమో, మరెవరైనా శబ్దం లేకుండా చూసి చెప్పండి.

పరిషత్తు నటుడు:
చూశాను. పొట్టే. అయితే గ్లాసు తీసుకుని తిరిగి వచ్చేటప్పుడు ఒక్కసారి చూపు మారుతుందనిపించింది, అక్కడ మళ్లీ చూడండి.